లిడియా ఎవరిని ప్రేమించింది?

దుబాయి, షార్జాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పెళ్ళిచూపుల కంటే ముందు చేతికందేది తరచు వరుడి వివరాల పత్రమే: పేరు, చదువు, ఉద్యోగం, జీతం. ఆ వివరాలకూ మనిషికీ మధ్యనున్న దూరమే షెరిడన్ హాస్యనాటకం 'ది రైవల్స్'కు మూలవస్తువు.

1775 జనవరి 17న లండన్‌లోని కోవెంట్ గార్డెన్ రంగశాలలో తొలి ప్రదర్శన విఫలమైంది. షెరిడన్ నాటకాన్ని సంస్కరించి 11 రోజులకే మళ్ళీ రంగమెక్కించి మెప్పు పొందాడు.

నవలలు చదివి మురిసే లిడియా, ఒక పేదవాడితో లేచిపోవాలని కలలు కంటుంది. బారొనెట్ కుమారుడైన కెప్టెన్ జాక్ అబ్సొల్యూట్ అది గ్రహించి, బెవర్లీ అనే చిరు సైనికోద్యోగిగా ఆమెకు పరిచయమవుతాడు. ఇంతలో తండ్రి అదే పిల్లను అతనికి నిశ్చయిస్తాడు. పెళ్ళికోసం లేని హోదాను తెచ్చిపెట్టుకోవడం లోకంలో మామూలే. జాక్ ఉన్న హోదాను దాచాడు. నిజం బయటపడ్డాక లిడియా కోపం మోసపోయినందుకే కాదు, పెద్దలు మెచ్చిన పెళ్ళిలో సాహసం మిగలనందుకు కూడా. హోదాను కాదనుకున్న ఆమె సైతం పేదరికమనే మరొక హోదానే ప్రేమించింది. జాక్ ద్వంద్వయుద్ధానికి దిగాడని తెలిశాకే ఆమెకు పేరు మరుగై మనిషి కనిపిస్తాడు.

కందుకూరి వీరేశలింగం ఈ నాటకాన్ని 'కల్యాణ కల్పవల్లి'గా తెలుగు చేశారు. సన్నివేశం సులువుగా భాష దాటుతుంది. మాటలు తారుమారు చేసే మిసెస్ మాలప్రాప్ హాస్యం దాటదు. ఎలిగేటర్ అనబోయి ఎలిగొరీ అన్న ఆమె పొరపాటుకు తెలుగులోనే కొత్త పొరపాటు పుట్టాలి.

ఇక్కడి మన పిల్లలతో ఈ నాటకం చదివేటప్పుడు బెవర్లీ ఎవరన్నది తేలిక ప్రశ్న. లిడియా ఎవరిని ప్రేమించిందన్నదే అడగవలసిన ప్రశ్న. అది వివరాల పత్రం చేతిలో పట్టుకున్న పెద్దలకు కూడా వర్తిస్తుంది.