బైట్ల వరుస

ప్రాచీన శాసనాలలో శకసంవత్సరాలను పదాలతో సూచించే భూతసంఖ్యా పద్ధతి కనిపిస్తుంది. అందులో ‘వేద’ అనగా 4, ‘రామ’ అనగా 3. ఒకట్ల స్థానం ముందు వస్తుంది కనుక ‘వేదరామ’ 43 కాదు, 34. ఈ వరుస తెలియనివారు శాసనకాలాన్నే తప్పుగా నిర్ణయిస్తారు.

కంప్యూటర్ ఫైళ్లకూ ఇటువంటి నియమమే ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక తూర్పుకనుమలతో సహా భూతలంలో అధికభాగం ఎత్తులను రాడార్‌తో కొలిచింది. ఆ ఫైళ్లలో ప్రతి ఎత్తుకూ రెండు బైట్లు. పెద్ద స్థానపు బైట్ ముందుంటుంది. అరకులోయ ఎత్తు సుమారు 911 మీటర్లు. ఆ సంఖ్యకు బైట్లు 3, 143. మొదటిదానిని 256తో గుణించి, రెండవదానిని కలిపితే 911 వస్తుంది.

నేటి సాధారణ కంప్యూటర్లు చిన్న స్థానాన్నే ముందుగా గ్రహిస్తాయి. ప్రోగ్రామ్ వరుసను మార్చకపోతే ఆ సంఖ్య 36,611 అవుతుంది. 32,767 దాటినవి ఋణసంఖ్యలు కనుక, దాని నుండి 65,536 తీసివేయగా -28,925 మిగులుతుంది. అరకులోయ సముద్రగర్భంకన్నా లోతుకు దిగిపోతుంది!

కంప్యూటర్ దీనిని దోషమని హెచ్చరించదు. అటువంటి పటాన్ని నమ్మి గిరిజన గ్రామాలకు రహదారినో, మంచినీటి గొట్టాలనో రూపొందిస్తే శ్రమ వృథా. కాబట్టి ఫైలును చదివేముందు బైట్ల వరుసను తెలుసుకోవాలి. చదివిన తరువాత తెలిసిన ఒక ఎత్తుతో సరిచూడాలి.