తలపైన ఎర్ర పైపు... నెలకి 300 బీమా!

గుంటూరు వైపు మిర్చి కోల్డ్ స్టోరేజీలోకో, పత్తి బేళ్ల గోడౌన్‌లోకో వెళ్లి తలెత్తి చూడండి. ఎర్ర పైపులు, వాటికి చిన్న గాజు బుడ్డీలు ఉంటే అవి స్ప్రింక్లర్లు. మామూలుగా 68 డిగ్రీల వేడికి బుడ్డి పగులుతుంది, మంట ఉన్న చోటే నీళ్లు పడతాయి. సినిమాల్లోలా అన్నీ ఒకేసారి కురవవు.

ఇవి ఉంటే సరుకు భద్రం. మరి ఇరవై, ముప్పై అడుగుల ఎత్తున పరంజా మీద నిలబడి ఆ పైపులు బిగించేవాడి సంగతి?

మా మావయ్యది చీరాలలో ఇదే కాంట్రాక్టు. తొమ్మిదిమంది మనుషులు. కొటేషన్ల ఎక్సెల్ షీటు మాత్రం నాది, సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా! మొన్నొక మిల్లు పనికి షీటు చేస్తుంటే, "ఒరేయ్, ఆ లేబర్ పాలసీ ఎక్కువైపోతోందిరా, ఎక్కడన్నా తగ్గించు" అన్నాడు.

సరే, చూద్దామని కూర్చున్నా.

ఈ బీమా ప్రీమియం మనుషుల్ని బట్టి కాదు, వాళ్లకిచ్చే కూలిని బట్టి. ఏడాది మొత్తం కూలి మీద ఇంత శాతం అని కడతారు. ఎత్తు, వెల్డింగు ఉంటే ఆ శాతం పెరుగుతుంది. లెక్క కోసం నూటికి రెండు అనుకుందాం. మనిషికి నెలకి 15,000 చొప్పున తొమ్మిదిమందికి ఏడాదికి 16,20,000. ప్రీమియం 32,400. జీఎస్టీ వేరే. అంటే మనిషికి నెలకి 300. మా ఆఫీసు కింద రెండు కాఫీలు!

తగ్గించే దారులు అందరికీ తెలిసినవే. కూలి 8,000 అని రాస్తే 17,280తో అయిపోతుంది. తొమ్మిదిమందిని నలుగురని రాయొచ్చు. 'ఫైర్ పైపింగ్' బదులు 'ప్లంబింగ్' అంటే రేటూ తగ్గొచ్చు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో స్ప్రింక్లర్ పనికి బీమా లెక్కల్లో 5188 అని ప్రత్యేకంగా కోడే ఉంది. ఇక్కడ మనం రాసిందే పేరు.

ఇప్పుడు రెండో వైపు. ఉద్యోగుల పరిహార చట్టం 1923 నాటిది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. పనిలో మనిషి చనిపోతే, నెల కూలిలో సగాన్ని వయసుని బట్టి ఉండే ఒక అంకెతో గుణిస్తారు. 30 ఏళ్లకి ఆ అంకె 207.98. కూలి ఎంతున్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకోవాలని 2020లో కేంద్రం పెట్టిన పరిమితి ప్రకారం చూస్తే 15,59,850 రూపాయలు. పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైతే సగం కాదు, 60 శాతం. అప్పుడు 18,71,820. నెలలోగా కట్టకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే సగం దాకా పెనాల్టీ. ఆ పెనాల్టీ బీమా కంపెనీ నెత్తిన పడదని సుప్రీంకోర్టు 1997లోనే తేల్చింది. యజమానే కట్టుకోవాలి.

"హెల్మెట్ పెట్టుకోమంటే వినలేదండీ" అన్న మాట కూడా చావు కేసులో పనిచేయదు. కావాలని చెప్పినమాట వినకపోయినా సరే, పరిహారం ఇవ్వాల్సిందే.

పాలసీలో తక్కువ చూపిస్తే? పరిహారం తేల్చేవాళ్లు అసలు కూలే చూస్తారు. బీమా కంపెనీ మాత్రం మీరు రాసిందే చూస్తుంది. మధ్యలో తేడా ఎవరిది? మావయ్యది. ఏడాదికి 15,120 మిగుల్చుకోవడానికి ఇంటి కాగితాలు పందెం పెట్టడమన్నమాట. పరిహారం అందేలోపు ఆ కుర్రాడి ఇంట్లో వంట ఎలా సాగుతుందన్నది నా షీట్లో ఏ గడిలోనూ పట్టదు.

ఇదంతా చూపిస్తే మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేస్త్రీ రోజుకూలీకి తెచ్చే ఇద్దరు కుర్రాళ్లని కూడా కలుపు" అన్నాడు. తొమ్మిది పదకొండయింది. ప్రీమియం 39,600!

మిల్లు మేనేజరు ఊరుకుంటాడా? ఆ లైను తీసేయమన్నాడు. కాంట్రాక్టరు మనిషికి దెబ్బ తగిలితే పరిహారం కోసం ముందు పని ఇచ్చిన యజమానినే పట్టుకోవచ్చని అదే చట్టంలో ఉంది. తర్వాత ఆయన కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలి. మావయ్య ఆ ముక్కే చెప్పి, "ఈ పాలసీ మీకు కూడానండీ" అన్నాడు.

పైపుల రేటులో నాలుగు వేలు గీసి తగ్గించాడు మేనేజరు. పాలసీ లైను మాత్రం అలాగే ఉంది.