తెర మీద త్యాగరాజు: చూడవలసినదేమిటి?



సంగీతం చెవికి సంబంధించిన విద్య కదా, దాన్ని తెర మీద చూడవలసిన పనేమిటని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. త్యాగరాజస్వామి మీద తీసిన చలనచిత్రాలూ, డాక్యుమెంటరీలూ, తిరువయ్యారు ఆరాధన దృశ్యాలూ, పెద్ద విద్వాంసుల కచేరీలూ ఇవాళ చేతిలోని ఫోనులోనే దొరుకుతున్నాయి. వీటిలో ఏది మనకు ఏమి ఇస్తుందో, ఏది ఇవ్వలేదో తెలుసుకుని చూస్తే ప్రయోజనం ఉంటుంది. తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలకు ఆ ప్రయోజనం మరికాస్త ఎక్కువ.

ముందుగా జీవితచరిత్ర చిత్రాల సంగతి చూద్దాం. త్యాగరాజు 1767లో తిరువారూరులో పుట్టారు. 1847 జనవరి 6న తిరువయ్యారులో సిద్ధి పొందారు. ఫొటో తీసే విద్య లోకానికి వెల్లడైనది 1839లో. గొంతును పట్టి దాచే యంత్రం వచ్చినది 1877లో. కాబట్టి మన పూజగదుల్లో తంబురాతో, చిడతలతో కనిపించే త్యాగరాజు చిత్రకారుల చేతిలో రూపు దిద్దుకున్న మూర్తి. ఆయన గొంతు ఎలా ఉండేదో చెప్పే రికార్డు లేదు.

ఈ ఖాళీని సినిమా పూరించింది. 1946లో చిత్తూరు నాగయ్య తానే దర్శకత్వం వహించి, తానే నటించి, తానే పాడి 'త్యాగయ్య' తీశారు. 1981లో బాపు దర్శకత్వంలో జె.వి. సోమయాజులు త్యాగయ్యగా కనిపించారు. దానికి కె.వి. మహదేవన్ సంగీతం. ఆ తరం వారిలో చాలామందికి త్యాగయ్య అనగానే నాగయ్యగారి ముఖమే మనసులో మెదిలేది. నటుడి ప్రతిభకు అంతకన్న పెద్ద మెప్పు లేదు. అయితే మనం చూస్తున్నది ఒక భక్తుడు ఊహించుకున్న త్యాగయ్యను. అన్నగారు విగ్రహాలను కావేరిలో పారవేయడం, రాజు పిలుపును త్యాగయ్య కాదనడం మొదలైన ఘట్టాలు జనం నోట నిలిచిన కథలు. చిత్రానికి కథ కావాలి గనుక ప్రతి కృతికీ ఒక సంఘటన జోడిస్తారు. చూసేవారు దానినే చరిత్ర అనుకోరాదు.

మంచి డాక్యుమెంటరీ ఇక్కడే వేరుపడుతుంది. అందులో మాట్లాడే వారు ఏది కథగా చెబుతున్నారో, ఏది ఆధారంతో చెబుతున్నారో గమనించండి. ఆధారాలు లేకపోలేదు. స్వామి శిష్యులు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ గురువుగారి చరిత్రనూ కృతులనూ రాసి భద్రపరచారు. ఆ రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. వారు సౌరాష్ట్ర కుటుంబం వారు, ఇంటి భాష తెలుగు కాదు. అయినా తెలుగు కృతులను అక్షరం పోకుండా కాపాడారు. అలాంటి రాతప్రతిని ఒక్క నిమిషం తెర మీద చూపిన డాక్యుమెంటరీ, పది నిమిషాలు పొగిడిన దానికన్న మేలు.

ఇక కచేరీని చిత్రించడం. ఒకప్పుడు ఇది ఎంత కష్టమో చెబితే ఇప్పటివారికి వింతగా ఉంటుంది. ఫిలిం కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. 16 మిల్లీమీటర్ల ఫిలిం నాలుగువందల అడుగుల చుట్ట సుమారు 11 నిమిషాలలో అయిపోతుంది. తోడి ఆలాపన పాకాన పడేసరికి ఫిలిం అయిపోతే విద్వాంసుణ్ణి ఆగమనలేం కదా! అందుకే పాత డాక్యుమెంటరీలలో పాట మధ్యలో తెగి, గోపురమో ఏరో కనిపిస్తుంది, వ్యాఖ్యాత గొంతు వినిపిస్తుంది. అంతకు ముందు గ్రామఫోను రికార్డు కూడా ఒక వైపు మూడు నాలుగు నిమిషాలే పట్టేది. వీడియో టేపు వచ్చిన తరువాతే కృతిని ఎత్తుగడ నుంచి ముగింపు దాకా తెంపకుండా చిత్రించడం తేలికైంది. 1975లో మద్రాసులో, 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రాలు మొదలయ్యాయి. అలనాటి విద్వాంసుల కచేరీలు కొన్ని మనకు కంటికి దక్కడానికి దూరదర్శన్ ఒక ముఖ్య కారణం.

కచేరీ చిత్రంలో చెవికి అందనిది కంటికి ఏమి అందుతుంది? మొదటిది తాళం. ఆదితాళంలో ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్ళ లెక్క. తరువాత దెబ్బ, విసురు. మళ్ళీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. పాట దెబ్బతోపాటే మొదలవుతోందా, దెబ్బ పడిన తరువాత ఎత్తుకుంటున్నారా అన్నది రేడియోలో కొత్తవారికి పట్టుబడదు. చేతిని చూస్తే రెండు మూడు ఆవర్తాలలో తెలిసిపోతుంది. రెండవది చూపులు. స్వరకల్పనలో వయొలిన్ విద్వాంసుడు గాయకుడి ముఖం చూస్తూ ఉంటాడు. మృదంగం తని ఆవర్తనానికి గాయకుడు తాళం వేసి నిలబెడతాడు. ఒకరి భారం మరొకరు మోయడం కళ్ళకు కడుతుంది. కెమెరా నడిపేవారికి సంగీతం తెలియకపోతే ఇదంతా జారిపోతుంది. మృదంగం వాయిస్తున్నప్పుడు ముందు వరసలోని పట్టుచీరలు చూపిస్తారు!

మూడవది, మన వారికి అన్నిటికన్న ముఖ్యమైనది, పెదవులు. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో పంచరత్న కృతులు పాడతారు. అక్కడి సమాధి మీద 1920లలో గుడి కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మ. ఐదు కృతులలో నాటరాగంలోనిది సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని నాలుగూ తెలుగు. పాడేవారిలో ఎక్కువమంది ఇంటి భాష తెలుగు కాదు. చాలామంది తమిళ లిపిలో రాసుకుని నేర్చుకున్నవారే. త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకటే అక్షరం. అందుకే తమిళంలో అచ్చయిన కృతుల పుస్తకాలలో అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. అంకెలు చూసుకుని శ్రద్ధగా పలికేవారున్నారు, వారికి నమస్కారం. అంకె జారితే ఒత్తు జారుతుంది, మాట మారుతుంది.

మన ఇళ్ళలో పరిస్థితి దీనికి దగ్గరగానే ఉంది. మదురైలోనో, కోయంబత్తూరులోనో పుట్టిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం తమిళంలో చదువుతారు. కర్ణాటకలో లిపి ఇంత అడ్డం కాదు, కన్నడంలో ఈ అక్షరాలన్నీ ఉన్నాయి. కాని అక్కడా కృతిలోని తెలుగు ఇంటి తెలుగుకు దూరంగా ఉంటుంది. చదువు లేని భాష ఒక తరం మాట్లాడుతుంది, తరువాతి తరం అర్థం చేసుకుంటుంది, ఆ తరువాత అది కూడా ఉండదు. అలాంటి ఇంట్లో స్పష్టంగా పలికే విద్వాంసుల కచేరీ చిత్రం ఒక చిన్న బడి.

ఎలా వాడుకోవాలంటారా? వారానికి ఒక్క కృతి చాలు. ముందు ఒకసారి ఊరికే చూడండి. రెండవసారి పిల్లల చేత తాళం వేయించండి. మూడవసారి పల్లవి దగ్గర ఆపి, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అడగండి. రాగం సాగినచోట మాట విరుగుతుంది గనుక, విడదీసి చెప్పవలసినవారు ఇంట్లో పెద్దలే. తాతగారికో, అమ్మమ్మకో అర్థం తెలిస్తే ఆ మాటను తెలుగు అక్షరాలలో ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఏడాదికి యాభై పల్లవులవుతాయి. అక్షరాలన్నీ చేతికి వస్తాయి.

త్యాగయ్య ముఖం ఏ కెమెరాకూ చిక్కలేదు. ఆయన మాట మాత్రం పాడేవారి పెదవుల మీద ఇప్పటికీ కనిపిస్తోంది. తెర మీద చూడవలసినది అదే.