పెద్ద గుడి నీడ

డిసెంబరు సెలవుల్లో తంజావూరు వెళ్లివచ్చిన ఒక అమ్మాయి, మన ఆదివారం తరగతిలో నాకు ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. మిట్టమధ్యాహ్నం, బృహదీశ్వరాలయం. విమానం నీడ ఉత్తరం వైపు నేల మీద స్పష్టంగా పరుచుకుని ఉంది. "అంకుల్, ఈ గుడి నీడ నేల మీద పడదని మీరే చెప్పారుగా?" అంది. చెప్పినమాట నిజమే. చిన్నప్పుడు యాత్రకు వెళ్లినప్పుడు గైడు చెబితే విని, అదే పిల్లలకు అప్పజెప్పాను. ఆ పిల్ల తరవాత అడిగినదానికి మాత్రం వెంటనే బదులు చెప్పలేకపోయాను. "మరి మిగతావి కూడా అబద్ధాలేనా?"

ఆ బదులు ఇప్పుడు చెబుతున్నాను.

ముందు నీడ సంగతి. విమానం అడుగున సుమారు 30 మీటర్ల వెడల్పు, ఎత్తు 60 మీటర్ల పైన. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కాబట్టి సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉన్నప్పుడు శిఖరం నీడ దాదాపుగా ఆ కట్టడం ఒంటి మీదే పడుతుంది. తంజావూరులో ఏప్రిల్, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు. డిసెంబరులో మాత్రం దక్షిణానికి 34 డిగ్రీలు వాలి ఉంటాడు. అప్పుడు నీడ నేల మీదికి దిగక తప్పదు. వేసవిలో వెళ్లినవారు చూసింది నిజమే; అది ఏడాదంతా నిజం అనుకోవడమే పొరపాటు.

రెండోది, పైనున్న శిఖరం 80 టన్నుల ఒకే రాయి అనే మాట. చాలా పుస్తకాల్లో ఇది కనిపిస్తుంది. కట్టడాన్ని దగ్గరగా కొలిచి చూసిన పరిశోధకులు అది ఏకశిల కాదని, విడివిడిగా చెక్కిన రాళ్లను చేర్చి కట్టినదని చెప్పారు.

ఆ రాయిని ఎక్కించడానికి ఆరు కిలోమీటర్ల మట్టి వాలు కట్టారని మరో కథ. ఒక్కసారి లెక్క వేయండి. 60 మీటర్ల ఎత్తుకు, 6 కిలోమీటర్ల పొడవున, 10 మీటర్ల వెడల్పుతో వాలు కడితే 18 లక్షల ఘనపు మీటర్ల మట్టి కావాలి. గుడికి వాడారని చెప్పే 1,30,000 టన్నుల రాయి మొత్తం 50 వేల ఘనపు మీటర్లకు మించదు. అంటే గుడికంటే వాలే ముప్పై అయిదు రెట్లకు పైగా పెద్దది! గుడి చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి వెళ్లే వాలో, సారువలో వాడి ఉంటారనుకోవడం ఇంతకంటే నమ్మదగినది.

ఇక నిజమని గట్టిగా చెప్పగలిగినవి. గుడి 1010లో పూర్తయింది. కట్టించినవాడు మొదటి రాజరాజ చోళుడు. విమానం మీద పెట్టడానికి ఆయన ఇచ్చిన రాగి కలశం బరువు 3,083 పలాలు, దానికి తొడిగిన బంగారం 2,926½ కళంజులు. ఇవి మన ఊహలు కావు, గుడి గోడల మీద చెక్కించిన లెక్కలు. గుడి సేవకు తెచ్చిన 400 మంది నర్తకీమణుల పేర్లు, ఎవరికి ఏ వీధిలో ఏ ఇల్లు ఇచ్చారన్నది కూడా అక్కడే ఉంది. పెద్ద స్థపతి పేరూ ఉంది: కుంజరమల్లన్ రాజరాజ పెరుంతచ్చన్.

ఈ రాజరాజు మనకు పరాయివాడేమీ కాదు. ఆయన కూతురు కుందవ్వను వేంగి చాళుక్య విమలాదిత్యుడికి ఇచ్చారు. వారి కొడుకే నన్నయ గారికి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడు.

మన పెద్దల గొప్పతనం చెప్పాలన్న ఆరాటంలో మనం కల్పించినవి, వాళ్లు నిజంగా చేసినవాటిని కప్పేస్తున్నాయి. కావేరి మైదానంలో అంత గట్టి రాయి దొరకదు. దూరం నుంచి తెచ్చి, కొలిచి, చెక్కి, అంత ఎత్తుకు ఎక్కించిన చేతులవి. పిల్లలు ఒక అబద్ధాన్ని పట్టుకుంటే, ఆ చేతుల పనిని కూడా నమ్మరు.

"మిగతావన్నీ అబద్ధాలు కావమ్మా, నేను చెప్పినదాంట్లో కొన్ని తప్పులు" అని ఆ అమ్మాయికి చెప్పాను. వచ్చే తరగతిలో అట్టతో విమానం చేసి, టార్చిలైటు పట్టి నీడ ఎటు పడుతుందో చూద్దామనుకున్నాం. పెద్దలు కూడా రావచ్చు.