మీకు తెలుసా? గోల్డ్‌ఫిష్ పళ్లు గొంతులో ఉంటాయి!

మీ ఇంటి అక్వేరియంలో నాలుగు గింజల మేత వేసి చూడండి. అప్పటిదాకా నెమ్మదిగా తిరిగిన గోల్డ్‌ఫిష్ ఒక్కసారిగా మీదపడుతుంది. అది కొరకదు. మూతి ముందుకు సాచి, మేతను నీటితో సహా లోపలికి పీల్చేస్తుంది. అంతా రెప్పపాటులో! దవడలకు పళ్లుండవు, గొంతులోని పళ్లతోనే నమిలేస్తుంది. అవి అరిగి రాలితే కొత్తవి మొలుస్తాయి. అసలు వింత ఏమిటంటే, దానికి జీర్ణాశయమే లేదు. మేత నేరుగా పేగులోకే పోతుంది.

తిండి విషయంలో తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఇంకా కరుకు: మేత చాలకపోతే పెద్ద పిల్లలు చిన్నవాటిని మింగేస్తాయి.

గోల్డ్‌ఫిష్ ఎంత ఆశగా పైకొచ్చినా రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. మిగిలిన మేత కుళ్లితే నీళ్లలో అమోనియా పెరిగి చేపల ప్రాణం తీస్తుంది.