రేడియో కంట్రోల్ కారు: డిఫరెన్షియల్, సస్పెన్షన్ సర్దుబాటు

4.3 డిఫరెన్షియల్ ఎందుకు?

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం ప్రయాణించాలి. 1/10 స్కేలు కారులో కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం 16 సెం.మీ. అనుకుందాం. అది 100 సెం.మీ. వ్యాసార్ధంతో మలుపు తిరిగితే లోపలి చక్రం 92, బయటి చక్రం 108 సెం.మీ. వ్యాసార్ధంలో నడుస్తాయి. 108ని 92తో భాగిస్తే సుమారు 1.17 వస్తుంది. అంటే బయటి చక్రం 17 శాతం ఎక్కువ వేగంతో తిరగాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒక చక్రం నేలమీద జారక తప్పదు. మోటారు శక్తిని రెండు చక్రాలకూ అందిస్తూ, వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేదే డిఫరెన్షియల్.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. మలుపులో భారం బయటి చక్రాల మీదికి మారుతుంది. భారం తగ్గిన లోపలి చక్రం పట్టు కోల్పోయి వృథాగా తిరుగుతుంది. దీన్ని అదుపు చేయడానికి డిఫరెన్షియల్‌లో సిలికాన్ నూనె నింపుతారు. నూనె స్నిగ్ధత పెరిగినకొద్దీ రెండు చక్రాల వేగాల మధ్య తేడా రావడం కష్టమవుతుంది. షాక్ అబ్సార్బర్లలో సాధారణంగా వందల సెంటీస్టోక్‌ల నూనె వాడితే, ఇక్కడ వేల సెంటీస్టోక్‌ల నూనె వాడతారు.

4.4 లోపం ఎక్కడ ఉంది?

వెనుక లోపలి చక్రం వృథాగా తిరుగుతోందని చూడగానే చిక్కటి నూనె పోయడం చాలామంది చేసే పొరపాటు. నూనె మరీ చిక్కనైతే కారు మలుపులోకి తిరగడానికి మొరాయిస్తుంది. అసలు కారణం సస్పెన్షన్‌లో ఉండవచ్చు. వెనుక యాంటీ రోల్ బార్ మరీ గట్టిగా ఉంటే అది లోపలి చక్రాన్ని పైకి లాగి, దాని మీది భారాన్ని తగ్గిస్తుంది. అప్పుడు మార్చవలసింది బార్‌నే గాని నూనెను కాదు.

4.5 సర్దుబాటు క్రమం

1. కారును చదునైన బల్ల మీద ఉంచి, కుడి ఎడమల ఎత్తు సమానంగా ఉందో లేదో చూడండి.
2. షాక్ అబ్సార్బర్ల పొడవు, వాటిలోని నూనె రెండు వైపులా ఒకేలా ఉండాలి.
3. స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ పరిశీలించండి. ముందు స్ప్రింగు మెత్తబడితే ముందు చక్రాల పట్టు సాధారణంగా పెరుగుతుంది.
4. చివరగా డిఫరెన్షియల్‌ను పరీక్షించండి. బ్యాటరీ తీసి, మోటారుతో కలిసే పెద్ద పళ్లచక్రాన్ని కదలకుండా పట్టుకుని ఒక చక్రాన్ని తిప్పండి. రెండోది వ్యతిరేక దిశలో సాఫీగా తిరగాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

పై ఉదాహరణలో మలుపు వ్యాసార్ధం 200 సెం.మీ. అయితే రెండు చక్రాల వేగాల నిష్పత్తి ఎంత? తేడా పెరిగిందా, తగ్గిందా? ఎందుకు?