మీకు తెలుసా? పొడిగుడ్డే గీతలు పెడుతుంది!
1933లో మొదలైన విశాఖ పోర్టులో నేటికీ బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతులు సాగుతున్నాయి. ఆ ధూళి జ్ఞానాపురం, పాతనగరం వైపు కార్ల మీద నల్లగా పేరుకుంటుంది. ఇనుప ఖనిజమైన హెమటైట్ కాఠిన్యం మోస్ స్కేలుపై 5కు పైనే. కారు పెయింటు అంతకంటే చాలా మెత్తన. పొద్దున్నే పొడిగుడ్డతో తుడిస్తే ఆ రేణువులే పెయింటును గీరేస్తాయి. ఎండ పడినప్పుడు బానెట్ మీద సాలెగూడులా మెరిసే సన్నగీతలు ఇలా పడ్డవే.

ముందు పైనుంచి నీళ్లు ధారగా పోసి ధూళిని జారనివ్వండి. తర్వాత నీడలో కారు షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డతో కడగండి. బకెట్లు రెండు ఉండాల్సిందే: ఒకటి నురగకు, ఒకటి గుడ్డ జాడించడానికి. గిన్నెల సబ్బు వద్దు, వ్యాక్స్ పూత పోతుంది. మళ్లీ వ్యాక్స్ పూసేటప్పుడు అది నల్ల ప్లాస్టిక్ అంచులకు అంటితే తెల్లమచ్చలు మిగులుతాయి. బీచ్‌రోడ్డు దగ్గరుండేవాళ్లు కారు అడుగుభాగాన్నీ మంచినీళ్లతో కడగండి. ఉప్పుగాలికి అక్కడ తుప్పు త్వరగా పడుతుంది.